కాసమ్మ పెట్టె

చింతపండుతో తోమేసరికి కాసమ్మ ఎర్రబడింది.

శివరాత్రి ఉదయం. ఆరు గంటల పది నిమిషాలు. ఆండిపట్టి శివార్లలో, కులదేవత గుడి ముందు ఒకే వంశపు దాయాదులు డెబ్బై ఎనభై మంది నిలబడి ఉన్నారు. ఆ వైపు దాయాదులను పంగాళ్ళు అంటారు. అందరి కళ్ళూ కంచు పళ్ళెంలో ఉన్న ఒక్క బిళ్ళ మీదే ఉన్నాయి.

బిళ్ళ రూపాయంత ఉంటుంది. బంగారు కాసు. ఎన్ని తరాల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. వాళ్ళకు అది కాసు కాదు, అమ్మ. అమ్మ ఉండే చెక్కపెట్టె మూడేళ్ళకొకసారి ఇల్లు మారుతుంది. ఈ ఏడు సత్యరాజ్ ఇంటి నుంచి అతని చిన్నాన్న కొడుకు బాల ఇంటికి పోవాలి. పెట్టె ఉన్న ఇంటివాడే పూజారి. కొత్త పూజారి మొదటి పని అమ్మకు స్నానం చేయించడం.

బాల తోమాడు. పసుపు పోయింది. కుంకుమ పోయింది. ఇంకా తోమాడు. బంగారమూ పోయింది. కింద రాగి తేలింది.

మొదట నోరు తెరిచింది సత్యరాజ్.

"ఆ పోదనూరోడు! కార్తీక దీపంనాడు వచ్చినాడే, ఆ కాసుల పిచ్చోడు! వాడే మార్చినాడు!"

ఏడుకల్లా రెండు కార్లు కోయంబత్తూరు పక్కనున్న పోదనూరు దారి పట్టాయి. సాయంత్రానికి తిరిగొచ్చాయి. పోలీస్ స్టేషన్ మెట్ల మీద ఒక మనిషిని పడేశాయి. అతని ఎడమ చెవి నుంచి నెత్తురు కారుతోంది. అతని ఆల్బంలో దొరికిన బంగారు కాసును సత్యరాజ్ ఎస్సై మేజా మీద పెట్టాడు.

"దొంగ వీడు. సొత్తు ఇది. కేసు రాసుకోండి."

ఎస్సై పేరు కళైవాణి. ముప్పైనాలుగేళ్ళు. తండ్రి రైల్వే గ్యాంగ్‌మన్. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆదివారం చర్చి. పుట్టి పెరిగింది పోదనూరు రైల్వే కాలనీలో.

ఆ చివరి ముక్కే కొంప ముంచింది. ఊళ్ళో అప్పుడే పాకిపోయింది. దొంగదీ పోదనూరే, ఎస్సైదీ పోదనూరే. ఇద్దరిదీ ఒకటే చర్చి. ఇక కేసు ఏమవుతుందో వేరే చెప్పాలా?

అతని మొహం ఆమె జన్మలో చూడలేదు. చెబితే నమ్మేవాళ్ళు లేరు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. మాట కటువుగా ఉంది.

"నీ ఊరివాడని మాట వస్తోంది కళైవాణీ. ఐదు గంటలకు మేజిస్ట్రేట్ ముందు పెట్టు. రిమాండ్ చేయించు. నువ్వేదైనా దయ చూపించావో, రిపోర్ట్ నీ మీద పోతుంది."

"సాక్ష్యం సరిపోదు సర్."

"సొత్తు దొరికింది. ఇంకేం కావాలి?"

ఫోన్ కట్ అయింది.

* * *

ప్రభుత్వ ఆసుపత్రి. 8:40. మంచం మీద ఇళంగో. వృత్తి ఇన్సూరెన్స్ సర్వేయర్. రెండు వేళ్ళకు కట్టు, చెవిలో దూది. అయినా గడ్డం మాత్రం పైకే ఉంది.

"కార్తీక దీపంనాడు ఆ ఊరికి ఎందుకు పోయినావు?"

"కాసు చూసేదానికి."

"ఎవరు పిలిచినారు?"

"ఎవురూ పిలవలే. ఉండాదని విన్నాను, పోయినాను. పాత కాసు ఉండాదంటే నేను కొచ్చికైనా పోతాను."

"చూసినావా?"

"పదడుగుల దూరం నుంచి. ఒళ్ళంతా పసుపు. అయినా బొమ్మ తెలిసిపోయింది. వెనీసు డుకాట్. పడవల్లో మిరియాలు కొనేదానికి వచ్చినోళ్ళు తెచ్చిన బంగారం. నా దగ్గర అట్లాంటిది ఒకటి ఉండాది. హాలండు కాసులు రెండు ఉండాయి."

"తాకినావా?"

"తాకనిస్తారా వాళ్ళు?"

"ఆ పూట ఏమి మాట్లాడినావు?"

అతను కిటికీ వైపు చూశాడు.

"ఉన్నది చెప్పినాను."

"ఏమి ఉన్నది?"

"చుక్కల వలయం నడుమ నిలబడింది అమ్మ కాదు, యేసు అని చెప్పినాను. వెనక పక్క వెనీసు దొర జెండాకర్ర పట్టుకుని మోకాళ్ళ మీద ఉంటాడు. మన జనం ఆ కర్రను తాటిచెట్టు అనుకున్నారని కూడా చెప్పినాను."

"ఎవరి ముందర?"

"అందరూ ఉన్నారు."

"నిన్ను అడిగినారా?"

"లే."

కళైవాణికి ఒళ్ళు మండింది. పండగనాడు పిలవని ఇంటికి పోయి, వాళ్ళ దేవత ఎవరో వాళ్ళకే పాఠం చెప్పాడు. నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ నోటిదురుసు వేరు, దొంగతనం వేరు. ఉత్త నోటిదురుసుకు ఐపీసీలోనూ సెక్షన్ లేదు, కొత్త చట్టంలోనూ లేదు.

"సత్యరాజ్ పట్టుకొచ్చిన కాసు?"

"నాది. కోయంబత్తూరు కాయిన్ ఫెయిర్‌లో కొన్నాను. దాని అంచు చూడండి మేడం. గీత లేదు, కన్నం లేదు, వంకర లేదు. మచ్చ ఉండే కాసు ఊరికే ఇచ్చినా నేను తీసుకోను."

"బిల్లు?"

"ఆ ఫెయిర్లలో బిల్లు ఎవురు ఇస్తారు?"

"అయితే ఐదింటికి రిమాండ్."

గడ్డం మొదటిసారి కిందికి దిగింది. అప్పుడే ఆమెకు అతని భయం కనబడింది.

"నన్ను ఆ జైల్లో పెడితే వాళ్ళ మనుషులు లోపలే చంపుతారు మేడం. మీకు తెలుసు."

ఆమెకు తెలుసు. బయటికి వచ్చింది. జీపులో ఆధారాల కవరు తీసి కాసును భూతద్దం కింద పెట్టింది. అంచు గుండ్రంగా, నున్నగా ఉంది. అతను చెప్పింది నిజమే.

* * *

సత్యరాజ్ ఇల్లు. 10:15.

వసారాలో అరల నిండా స్టీలు చెంబులు మెరుస్తున్నాయి. కళైవాణికి నీళ్ళు కాగితం కప్పులో వచ్చాయి. ఆమె తాగలేదు. కప్పును గోడ మీద పెట్టింది.

సత్యరాజ్‌కు నలభై ఏళ్ళు. ఊళ్ళో సగం మల్లెతోటలు అతనివే. కూర్చోమనలేదు.

"మళ్ళీ ఏమి మేడం? దొంగను పట్టి ఇచ్చినాము. ఇంకా మా ఇంటికి ఎందుకు?"

"నాలుగు ప్రశ్నలు. అమ్మను చివరిసారి మీరు చేత్తో తాకింది ఎప్పుడు?"

"కార్తీక దీపం. ఆ దినమే వాడు వచ్చినాడు."

"తరవాత?"

"జనం పోయినాక పెట్టెలో పెట్టి కాపు కట్టినాను. పసుపుతాడు ముడి. సివరాత్రి దాకా ఎవురూ విప్పరాదు. అది మా కట్టుబాటు."

"మీరు విప్పలేదా?"

"విప్పలే."

"పెట్టేటప్పుడు నకిలీ అని తెలియలేదా?"

"ఒళ్ళంతా పసుపు గదా. యాడ తెలుస్తాది?"

"ఇళంగో పదడుగుల దూరంలో నిలబడ్డానంటాడు."

"కొబ్బరికాయ కొట్టేటప్పుడు మేమందరం కండ్లు మూసుకుంటాము. అప్పుడు చేసినాడు."

ఆమె కవరు ఎత్తి చూపించింది. "ఈ కాసు మీదేనా?"

అతను ముందుకు వంగనైనా వంగలేదు. "మాదే. కండిప్పా, ముమ్మాటికీ మాదే."

"అంత దూరం నుంచే?"

"తల్లిని గుర్తు పట్టేదానికి బిడ్డ దగ్గరికి పోవాల్నా?"

వసారా మూల నుంచి చిన్న కేక వినబడింది. చాప మీద సత్యరాజ్ తల్లి తిరుమలమ్మాళ్. ఆమె ఒళ్ళో మనవడు. ఎనిమిది నెలల పిల్లాడు, బొద్దుగా ఉన్నాడు. అవ్వ సాంబారులో నానిన ఇడ్లీని వేలితో చిదిపి నోట్లో పెడుతోంది. పిల్లాడు ఆవురావురుమంటూ మింగుతున్నాడు. గడ్డమంతా సాంబారే.

"బాగా తింటున్నాడే," అంది కళైవాణి, పొడిగా.

అవ్వకు పోలీసులంటే పడకపోయినా మనవడి మాట ఎత్తితే పడుతుంది.

"తినడా మరి? పొంగలి పండగనాడే తొలిపన్ను కనపడింది. ఇప్పుడు రెండు. పన్నెండేండ్లు కాచుకుంటే పుట్టిన సామి."

పిల్లాడు మొలతాడుకు కట్టిన నల్లగుడ్డ తాయెత్తును నోట్లోకి లాక్కున్నాడు. రెండు చిన్న పళ్ళతో కొరుకుతున్నాడు.

"అయ్యో, వదులు సామీ!"

గుమ్మంలో నిలబడిన కోడలు పరమేశ్వరి గబగబా వచ్చింది. తాయెత్తును లాగి, కొంగుతో తుడిచి, కళ్ళకు అద్దుకుంది. తలెత్తి ఎస్సైని చూసింది. బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది.

కళైవాణి సత్యరాజ్ వైపు తిరిగింది.

"పెట్టె తెరవలేదని బిడ్డ మీద ప్రమాణం చేస్తారా?"

అతని మొహం నల్లబడింది.

"బిడ్డ మాట ఎత్తొద్దు. చెప్తా ఉండాను, బిడ్డ మాట ఎత్తొద్దు. మీ ఊరోడిని విడిపించేదానికి ఇంకేదైనా దారి చూసుకోండి. కిళంబుంగ!"

ఆ తమిళ మాటకు అర్థం బయలుదేరండి అని. ఆమె బయలుదేరింది. వెనక కాగితం కప్పులోని నీళ్ళను అవ్వ వీధిలోకి పారబోసిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆమె చిన్నప్పటి నుంచి విన్నదే. అయినా ప్రతిసారీ కొత్తగానే గుచ్చుకుంటుంది.

* * *

బాల మునగతోట. 12:30.

అతనికి ముప్పై దాటి ఉంటాయి. కాయలు కట్టలు కడుతున్నాడు. ఎస్సైని చూసి కూడా పని ఆపలేదు.

"ఏమి మేడం, ఇప్పుడు నా మీదికి తిప్పుతా ఉండారా?"

"తిప్పాలంటే కారణం ఉంది. నకిలీ బయటపడింది నీ చేతిలోనే. అంత గట్టిగా ఎందుకు తోమినావు?"

"మూడేండ్లు వాళ్ళింట్లో ఉండింది. వాళ్ళ పసుపంతా వదిలించి మా ఇంటికి తీసకపోదామని తోమినాను."

అది అబద్ధం చెప్పేవాడి జవాబు కాదు. అంత కడుపుమంట ఎవడూ పనిగట్టుకుని బయటపెట్టుకోడు.

"ఆమె మీ ఇంటికి రావడం అంత అవసరమా నీకు?"

"ఎందుకు కాదు? మా అక్కకు బిడ్డ పుట్టబోతా ఉండాది, మా తమ్ముడికి పెండ్లి. అమ్మ ఇంట్లో లేకపోతే పేదోళ్ళ లెక్కే మేము. మూడేండ్లుగా వాళ్ళ గుమ్మం ముందర నిలబడి దండం పెట్టుకున్నాము. ఈసారి వాళ్ళు వచ్చి మా గుమ్మంలో నిలబడాల్సింది."

"నువ్వు అమ్మను వట్టిగా చూసినావా ఎప్పుడైనా?"

"లే. దగ్గర నుంచి పూసారి ఒక్కడే చూస్తాడు. స్నానం చేయించేటప్పుడు."

"అయితే ఇది మీ కాసు అవునో కాదో నీకు తెలియదు."

బాల ఆమె చాపిన కవరులోని కాసును చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"మా నాయన చెప్పేవాడు. అమ్మ అంచు అంతా మా వంశం పండ్లే అని. దీనికి ఒక్క గాటు కూడా లే."

"పండ్లా?"

"మా బిడ్డలకు తొలిపన్ను రాంగానే మేనమామ వస్తాడు. అమ్మను చేత్తో పట్టుకుని బిడ్డతో కొరికిస్తాడు. మేలిమి బంగారం గదా, మెత్తగా ఉంటాది. మా తాత పన్ను ఉండాది దాని మీద. మా నాయనది, నాది ఉండాయి. కొరికినాకనే ఉప్పు కూడు. అందాక పాలు, రాగిజావ."

"కాపు కట్టిన నెలల్లో పన్ను వస్తే?"

"కాచుకోవాల్సిందే. మా బిడ్డకు అట్లే అయింది. సివరాత్రి దాకా రాగిజావే. ఇడ్లీ చూసి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది దానికి."

"ఎవరూ కట్టు తప్పరా?"

"తప్పితే బిడ్డకు మాట పడిపోతాదంటారు మేడం. ఎవురు తప్పుతారు?"

కళైవాణి కదలకుండా నిలబడింది. పక్కన మునగకొమ్మ మీద కాకి అరుస్తోంది. ఆమెకు అది వినబడలేదు.

"పరమేశ్వరికి అన్నదమ్ములు ఉన్నారా?"

"ఒక్కడే అన్న. దొరైసామి. కంబంలో అరటితోట ఉండాది. ఎందుకు?"

"నంబర్ ఇవ్వు."

ఆమె జీపు దాకా నడిచి ఫోన్ చేసింది. కొద్దిసేపే మాట్లాడింది. ఎక్కువగా వింది. ఫోన్ పెట్టేసి హెడ్ కానిస్టేబుల్ మునిని పిలిచింది.

"సత్యరాజ్ ఇంటికి అందరినీ రమ్మను. బాల కూడా రావాలి. ఆసుపత్రి నుంచి ఇళంగోను తీసుకురా."

"వాణ్ణి అక్కడికా? చంపేస్తారమ్మా!"

"నేనుంటాను. మూడున్నరకు."

* * *

3:35. వసారా నిండా మనుషులు. వీధిలోనూ మనుషులే. ఇళంగో జీపు దిగుతుంటే ఎవరో ఉమ్మేశారు. ఇంకెవరో రాయి తీశారు. ముని లాఠీ పైకెత్తాక రాయి కింద పడింది.

"వీణ్ణి మా గడప తొక్కనిస్తారా?" సత్యరాజ్ అరిచాడు.

"గడప బయటే నిలబడతాడు. నేనూ బయటే ఉంటాను." కళైవాణి వీధిమెట్టు మీద నిలబడింది. "రెండు మాటలు చెప్పి పోతాను. బాలా, మీ ఇళ్ళలో బిడ్డకు ఉప్పు కూడు ఎప్పుడు పెడతారు?"

"అమ్మను కొరికినాక."

"ఎప్పుడు కొరుకుతారు?"

"పన్ను వచ్చినాక."

"కాపులో పన్ను వస్తే?"

"సివరాత్రి దాకా ఆగాల."

"అవ్వా," కళైవాణి తిరుమలమ్మాళ్ వైపు తిరిగింది. "మీ మనవడికి తొలిపన్ను ఎప్పుడు వచ్చింది?"

అవ్వ నోరు తెరిచింది. కొడుకు మొహం చూసి మూసుకుంది.

"పొద్దున మీరే చెప్పినారు. పొంగలినాడు. అప్పటికి పెట్టెకు కాపు కట్టి ఉంది. నిన్న తెరిస్తే లోపల రాగి. అంటే ఈ బిడ్డ ఇంతవరకూ అమ్మను కొరకలేదు. అవునా?"

సత్యరాజ్ గుమ్మం వైపు చూశాడు.

"మరి పొద్దున పదింటికి సాంబారు ఇడ్లీ తింటున్నాడు. నా కళ్ళ ముందే."

జనంలో గొణుగుడు లేచింది. ఆడవాళ్ళు ముందుగా అర్థం చేసుకున్నారు. ఒకామె గుండె మీద చెయ్యి వేసుకుంది.

సత్యరాజ్ నవ్వబోయాడు. "బిడ్డ ఆకలికి ఏడిస్తే పెట్టినాము. అది కూడా నేరమా?"

"పన్నెండేళ్ళకు పుట్టిన బిడ్డ. మాట పడిపోతుందని తెలిసీ పెట్టినారా? ఈ ఊళ్ళో ఎవరైనా నమ్ముతారా?" ఆమె గొంతు పెంచలేదు. "కంబంలో మీ బావతో మాట్లాడినాను. పాపం, ఏమీ దాచలేదు. పొంగలి అయిన వారానికి మీరే ఫోన్ చేసి రమ్మన్నారు. పెట్టె ప్రత్యేకంగా తెరిపించినామని చెప్పినారు. ఆయన తన చేత్తో అమ్మను పట్టుకుని మేనల్లుడితో కొరికించినాడు. మెత్తగా దిగిందంట పన్ను. రాగిలోకి పాలపన్ను దిగదు."

ఇళంగో తల ఎత్తాడు.

"ఈ మనిషి ఈ ఊరికి వచ్చింది ఒక్కసారి. కార్తీక దీపంనాడు. ఆ తరవాత రెండు నెలలకు కూడా అసలు కాసు ఈ ఇంట్లోనే ఉంది. ఇతని దగ్గర దొరికిన కాసుకు అంచు మీద ఒక్క గాటు లేదు. సత్యరాజ్, మూడేళ్ళు మీ చేత్తో స్నానం చేయించిన అమ్మను మీరు గుర్తు పట్టలేరా? పట్టగలరు. అందుకే దగ్గరికి వచ్చి చూడలేదు."

"అబద్ధం! మీ ఊరోడి కోసం కట్టుకథ!"

"కథ అయితే బిడ్డను బయటికి తీసుకురండి."

ఆ మాటకు పరమేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. బిడ్డను రెండు చేతులా గుండెకు అదుముకుని ఉంది. పిల్లాడు తాయెత్తును మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

కళైవాణి ఆమెతోనే మాట్లాడింది.

"అక్కా, తాయెత్తు తడిస్తే ఎవరైనా పిండి వదిలేస్తారు. మీరు తుడిచి కళ్ళకు అద్దుకున్నారు. నేను చెయ్యి వెయ్యను. మీరే విప్పండి."

పరమేశ్వరి భర్తను చూసింది. అత్తను చూసింది. తరవాత గడప బయట, చెవిలో దూదితో నిలబడిన మనిషిని చూసింది.

"కొట్టినారని తెలిసినప్పుడే చెప్పాల్సింది," అంది మెల్లగా. "భయపడిపోయినాను."

మొలతాడు ముడి విప్పింది. నల్లగుడ్డ కుట్టు తెంపింది. అరచేతిలో పసుపు పచ్చని బిళ్ళ పడింది.

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా చేతులు జోడించారు.

సత్యరాజ్ నేల మీద కూలబడ్డాడు. ఇక దాచలేదు. మదురైలో ఒక గిల్టు నగల పనివాడితో నకిలీ చేయించాడు. పొంగలి పండగ ముందే కాపు విప్పి మార్చాడు. మళ్ళీ ముడి వేశాడు.

"అమ్మ మా ఇంటికి వచ్చినాకనే బిడ్డ కడుపున పడినాడు. పన్నెండేండ్లు ఎన్ని కోవిళ్ళు తిరిగినామో మీకు తెలుసునా? ఆమె గడప దాటితే వాడూ పోతాడని... రాత్రులు నిద్ర రాలే నాకు."

"మా ఇంటికి వస్తే అమ్మ చచ్చిపోతాదా అన్నా?" బాల గొంతు చిరిగింది. "మాకు బిడ్డలు లేరా? రాగిబిళ్ళకు దండం పెట్టిస్తామనుకుంటివి గదా మాతో!"

అతను మీదికి ఉరికాడు. ముని, మరో ఇద్దరు కలిసి పట్టుకున్నారు. వీధిలో తోపులాట మొదలైంది. నిన్న కలిసి కార్లలో పోయి ఒకే మనిషిని కొట్టినవాళ్ళు ఇప్పుడు రెండు గుంపులై ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకున్నారు.

"మరి ఇతని చెవి?" కళైవాణి సత్యరాజ్‌ను అడిగింది. "ఏమీ చెయ్యలేదని నీకు తెలుసు. తెలిసీ కొట్టించినావు."

సత్యరాజ్ తల ఎత్తాడు. ఏడుస్తున్నాడు గానీ కళ్ళలో విషం తగ్గలేదు.

"వాడు మా అమ్మను ఏమన్నాడో మీరు వినలే."

కళైవాణి బూట్లు విప్పింది. ఎవరూ చెప్పకుండానే విప్పింది. గడప దాటి పరమేశ్వరి ముందు ప్లాస్టిక్ కవరు పట్టింది. కాసు అందులో పడింది.

చుక్కల వలయం. నడుమ నిలువెత్తు బొమ్మ, ఆశీర్వదిస్తున్న చెయ్యి. మొహం తరాల పసుపు రుద్దుడుకు అరిగిపోయింది. అంచు చుట్టూ చిన్న చిన్న నొక్కులు. కొన్ని పాతబడి నున్నబడ్డాయి. ఒక్కటి మాత్రం కొత్తగా మెరుస్తోంది.

తిరుమలమ్మాళ్ ఆమె చెయ్యి పట్టుకుంది. పొద్దున ఆమె ముట్టని నీళ్ళను పారబోసిన చెయ్యే.

"నీకు తెలుస్తాది గదా. వాడు చెప్పినది నిజమా? ఆమె ఎవురు?"

చొక్కాలు పట్టుకున్నవాళ్ళు కూడా ఆగారు. అమ్మ అన్నా, యేసు అన్నా, ఇక్కడ ఇంకో చెవి పగులుతుంది.

"ప్రస్తుతానికి కేసు ప్రాపర్టీ అవ్వా," అంది కళైవాణి. "కోర్టుకు పోతుంది."

"కోర్టుకా? మా ఇంటికీ కాకుండా, వాళ్ళింటికీ కాకుండానా?"

"ఎవరిదో జడ్జి తేల్చేదాకా బీరువాలో ఉంటుంది."

"ఎన్ని దినాలు?"

కోర్టు బీరువాలో పదేళ్ళుగా పడి ఉన్న సొత్తులు ఆమెకు తెలుసు. ఈ వంశంలో ఇక పుట్టబోయే బిడ్డలకు ఉప్పు కూడు ఎప్పుడు పెడతారో కూడా ఆమెకు తెలియదు. బాల గడప మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు. పరమేశ్వరి ఒళ్ళో పిల్లాడు ఖాళీ మొలతాడును నోట్లోకి లాక్కుంటూ ఏడుస్తున్నాడు.

* * *

4:50. స్టేషన్.

రిమాండ్ కాగితాల్లో ముద్దాయి పేరు మారింది. ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో, "సరే, కానీ," అన్నాడు. బాగుందని మాత్రం అనలేదు.

కళైవాణి బీరువా తీసి ఇళంగో కాసులు, ఆల్బం మేజా మీద పెట్టింది.

"సరిచూసుకుని సంతకం పెట్టు. కొట్టినవాళ్ళ మీద కంప్లైంట్ కూడా రాసియ్యి. పేర్లు నా దగ్గర ఉన్నాయి."

అతను కట్టు కట్టిన వేళ్ళతోనే తన డుకాట్‌ను తీశాడు. దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. కొత్త గీతలు పడ్డాయేమో చూసుకున్నాడు. లేవు. ఊపిరి వదిలాడు.

ఒకే కాలనీ మనిషి. చేయని తప్పుకు చెవి పగిలేలా దెబ్బలు తిన్నాడు. రెండు మంచి మాటలు చెప్పాలని ఆమె అనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తోంది. అతనే ముందు అడిగాడు.

"మేడం, ఆ కాసు దగ్గర నుంచి చూసినారు గదా. వెనక పక్క ఏ దొర పేరు ఉండాది? అక్షరాలు తెలుస్తాయా?"

"చూడలేదు."

"అంచు ఎట్ల ఉండాది?"

"నొక్కులున్నాయి. చుట్టూ. బిడ్డల పండ్లు."

ఇళంగో మొహం చిట్లించాడు. తన కాసును మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఛ! డామేజీనా? అయితే అది దేనికీ పనికిరాదు మేడం. ఎవురూ కొనరు."

కళైవాణి చెప్పాలనుకున్న మంచి మాటలు చెప్పలేదు. పెన్ను అతని ముందుకు తోసింది.

"సంతకం పెట్టి బయలుదేరు," అంది.